బావి ఈత వచ్చినవాళ్ళకు గోజో దీవిలో మొదటి డైవింగ్

బావిలోకి దూకి, అడుగున వేసిన రాయిని ఒక్క ఊపిరితో పైకి తెచ్చేవాళ్ళు మన కడప, అనంతపురం పల్లెల్లో ఇంకా ఉన్నారు. నడుముకు బెండు కట్టుకుని దిగుడుబావిలో మొదలుపెట్టి, తర్వాత కె.సి. కెనాల్‌లో ఎదురీదిన పిల్లలకు నీళ్ళంటే భయం ఉండదు. చదువుకో ఉద్యోగానికో యూరప్ పోయినాక అట్లాంటివాళ్ళు డైవింగ్ యాడ మొదలుపెట్టాల అని అడుగుతారు. నా జవాబు ఒకటే. మునిగిన ఓడలు, లోతు గుహలు తర్వాత చూడొచ్చు. ముందు ఒడ్డు నుంచి నడిచి దిగేందుకు వీలున్న, గాలికి మరుగైన చిన్న ఒంపు ఒకటి చూసుకోండి. ఎనిమిది మీటర్ల లోతులో గంటసేపు మెల్లగా తిరిగితే మధ్యధరా సముద్రం చూపించేది శానా ఉంది.

బావి ఈత వల్ల మేలు ఉంది, ప్రమాదమూ ఉంది. ప్రమాదం ముందు చెప్పాల. స్కూబాలో, అంటే వీపున గాలి సిలిండర్ కట్టుకుని దిగే డైవింగ్‌లో, ఊపిరి బిగబట్టకూడదు. బావిలో ఒడ్డున పీల్చిన గాలితోనే మునుగుతాం. లోపల అది నలిగి చిన్నదై, పైకి వచ్చేసరికి మళ్ళీ మొదటి పరిమాణానికే వస్తుంది. సిలిండర్ గాలి అట్లా కాదు. పది మీటర్ల లోతులో పీడనం 2 బార్లు, అంటే ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. నోట్లో పెట్టుకుని పీల్చే రెగ్యులేటర్ ఆ పీడనంతోనే గాలి ఇస్తుంది. ఊపిరితిత్తుల నిండా ఆ గాలి ఉంచుకుని గొంతు బిగించి పైకి వస్తే పరిమాణం రెట్టింపు కావాల, పోవడానికి దారి ఉండదు. నిండు ఊపిరితో ఒకటిన్నర మీటరు లేచినా ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది. లోతు తక్కువ కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. బావిలో ఏళ్ళ తరబడి పడిన అలవాటు కంగారు పుట్టిన క్షణంలో తనంతట తానే బయటికి వస్తుంది. అందుకే స్విమ్మింగ్ పూల్ శిక్షణలో రెగ్యులేటర్ నోట్లోంచి తీసినప్పుడల్లా సన్నగా బుడగలు వదలడం ఒంటికి పట్టేదాకా చేయాల.

రెండోది చెవులు. బావిలో నిట్టనిలువునా దూకి నొప్పి ఓర్చుకుని వచ్చేస్తారు. డైవింగ్‌లో నొప్పి మొదలైందంటే అప్పటికే ఆలస్యం. తల నీళ్ళలో మునగకముందే ఒకసారి ముక్కు మూసి మెల్లగా ఊది, తర్వాత ప్రతి అర మీటరుకూ అదే చేయాల. మొదటి అయిదు మీటర్లలోనే గాలి పరిమాణం ఎక్కువ మారుతుంది కాబట్టి చెవులకు కష్టం కూడా ఆడనే. జలుబు ఉంటే ఆ రోజు దిగొద్దు.

డైవింగ్‌లో మొదటి మెట్టు అయిన ఓపెన్ వాటర్ కోర్సు మామూలుగా మూడు నాలుగు రోజులు పడుతుంది, 18 మీటర్ల దాకా అర్హత ఇస్తుంది. అనంతపురం వాళ్ళకు బెంగళూరు దగ్గర. ఆడ పాఠాలు, పూల్ శిక్షణ పూర్తి చేసుకుని, సముద్రపు డైవ్‌లు కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి దగ్గరో, అండమాన్‌లోనో, నేరుగా మధ్యధరా దీవుల దేశం మాల్టాలోనో చేయొచ్చు. నేత్రాణికి వానాకాలంలో పోవడం కుదరదు.

ఇప్పుడు చోటు సంగతి. మాల్టా దేశంలో గోజో దీవి ఆగ్నేయపు ఒడ్డున ఇమ్‌జార్ ఇష్షీని అని ఒక ఒంపు ఉంది. గండికోట దగ్గర పెన్న చీల్చిన లోయలోకి సముద్రం ఎక్కి వస్తే ఎట్లుంటుందో, చిన్న ఎత్తున అట్లుంటుంది. రెండు పక్కలా సున్నపురాయి గోడలు, నడుమ సన్నని నీటి దారి, లోపలి కొసన గులకరాళ్ళ ఒడ్డు, నోటి దగ్గర 1661లో కట్టిన కావలి బురుజు. ఒంపు లోపల ఎక్కువ భాగం పది మీటర్ల లోపే, నోటి వైపు పోయేకొద్దీ లోతు పెరుగుతుంది. మాల్టా ప్రధాన దీవిలోని చిర్కెవ్వా నుంచి కార్లు ఎక్కించే ఫెర్రీలో గోజోకు దాదాపు 25 నిమిషాలు. ఫెర్రీ దిగే రేవు పేరు కూడా ఇమ్‌జారే, ప్రధాన దీవిలో ఇంకో ఊరు కూడా ఇమ్‌జారే; ఫోన్‌లో దారి వెతికేటప్పుడు పూర్తి పేరు కొట్టకపోతే వేరే చోటికి పోతారు. కారు ఎడమ పక్కనే నడపాల, మన మాదిరే. ఒంపులోకి దిగే రోడ్డు ఇరుకు, నిటారు. ఎండాకాలంలో పొద్దున్నే పోతే తప్ప బండి పెట్టే చోటు దొరకదు.

ఈ ఒంపుకు చిన్న జీవులు ఎందుకు చేరతాయో తెలిస్తే వాటిని వెతకడం కూడా తెలుస్తుంది. పెద్ద అలలు లోపలిదాకా రావు కాబట్టి సన్నని ఇసుక, ఒండ్రు అడుగున నిలుస్తాయి. ఆ ఇసుకలో దాక్కునేవి ఒక రకం. గోడల మీద స్పాంజీలు, నాచు, పొదల మాదిరి కనపడే చిన్న జంతువులైన హైడ్రాయిడ్లు పెరుగుతాయి, వాటిని తినేవి ఇంకో రకం. మధ్యలో సముద్రపు గడ్డి. ఈ మూడూ కొద్ది అడుగుల దూరంలోనే కలుస్తాయి. ఇసుక, గడ్డి కలిసే అంచు, గడ్డి, రాయి కలిసే అంచు పట్టుకుని పోతే శానా కనపడతాయి. నడుమ ఇసుకలో ఊరకే ఈదుకుంటూ పోతే సిలిండర్‌లో గాలి ఖర్చే.

గాలి దిక్కు ముందు చూడాల. మాల్టాలో ఎక్కువగా వీచేది వాయవ్యపు గాలి. అది ఎంత కొట్టినా ఈ ఒంపు దీవికి వెనకవైపు పడుతుంది కాబట్టి నీళ్ళు నిశ్చలంగా ఉంటాయి. ష్లోక్ అనే ఆగ్నేయపు గాలి లేస్తే అలలు సరాసరి నోట్లోంచి లోపలికి వచ్చి ఒండ్రు లేపుతాయి. ఆ రోజు దీవి ఉత్తరపు ఒడ్డుకు పోవడం మేలు. వాన పడితే లోయ నీరంతా ఈడికే వస్తుంది, రెండు మూడు రోజులు మసక. ఆటుపోట్ల గురించి విశాఖ వాళ్ళ మాదిరి లెక్కలు అక్కర్లేదు, ఈ సముద్రంలో అవి శానా చోట్ల ఒక అడుగు కూడా ఉండవు. ఒడ్డు చేరినాక పది నిమిషాలు ఊరకే కూర్చుని నీళ్ళు చూడండి: గులకరాళ్ళ మీద అల ఎంత లేస్తోంది, పడవలు యాడ లంగరు వేశాయి, డైవర్లు పైకి వచ్చినచోట నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి.

చలి మనవాళ్ళు తక్కువ అంచనా వేసే విషయం. ఆగస్టులో నీళ్ళు 26 డిగ్రీల దగ్గర, ఫిబ్రవరి, మార్చిలో 15 డిగ్రీలు. మే నెల ఎండ కర్నూలు ఎండను గుర్తుచేసినా నీళ్ళు ఇంకా 18, 19 దగ్గరే ఉంటాయి. పైగా చిన్న జీవులు చూసే డైవ్‌లో ఒళ్ళు కదలదు, వేడి పుట్టదు. అందుకే మే, జూన్‌లలో 7 మిల్లీమీటర్ల మందం ఉన్న రబ్బరు వెట్‌సూట్, తలకు హుడ్. ఆగస్టు, సెప్టెంబరులలో 5 మిల్లీమీటర్లది. వణుకు మొదలైనాక ఇంకో అయిదు నిమిషాలు అనుకోవద్దు. చలికి ముందు చేతివేళ్ళు మొద్దుబారి బకిల్స్ విప్పడం కష్టమవుతుంది, గాలి కూడా ఎక్కువ తాగుతాం.

మునగడానికి నడుముకు కట్టుకునే సీసపు బరువు లెక్క తప్పితే డైవ్ మొత్తం పాడవుతుంది. బావి నీళ్ళలో ఉప్పు లేదు. ఈ సముద్రంలో కిలో నీళ్ళకు 38 గ్రాముల దాకా ఉంటుంది, మహాసముద్రాల సగటు 35. మనిషి, సామాను కలిపి వంద లీటర్ల చోటు పట్టేవాళ్ళకు మంచినీళ్ళలో సరిపోయిన బరువు కంటే ఈడ రెండున్నర నుంచి మూడు కిలోలు ఎక్కువ కావాల. అండమాన్‌లో సరిపోయిన లెక్కకు అర కిలో చేర్చాల, మందపు సూట్ వేసుకుంటే దానికి ఇంకో కిలోనో రెండో. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ల గాలి బరువే దాదాపు మూడు కిలోలు. డైవ్ చివరికి అందులో ఎక్కువ భాగం పోయి ఒళ్ళు తేలుతుంది. అందుకే బరువు పరీక్ష సిలిండర్ 50 బార్లకు వచ్చినాక, ఒడ్డు దగ్గర చేయాల. తేలడానికి గాలి నింపుకునే జాకెట్, అంటే బీసీడీ, ఖాళీ చేసి మామూలు ఊపిరితో నిలువుగా ఉంటే నీళ్ళు కంటి మట్టానికి రావాల, గాలి వదిలితే మెల్లగా మునగాల. మొదటిసారి దిగేవాళ్ళు భయానికి బరువు ఎక్కువ వేసుకుంటారు. ఆ బరువును తేల్చడానికి బీసీడీలో ఎక్కువ గాలి నింపుతారు, ఆ గాలి లోతు మారినప్పుడల్లా ఉబ్బుతూ నలుగుతూ మనిషిని పైకీ కిందికీ లాగుతుంది.

లోతు తక్కువ ఉన్నచోట ఇది ఇంకా కష్టం. 20 మీటర్ల నుంచి 17కు లేస్తే గాలి దాదాపు పదోవంతు ఉబ్బుతుంది. మూడు మీటర్ల నుంచి పైకి వస్తే అదే మూడు మీటర్లకు దాదాపు మూడోవంతు. లోతులో నిలకడగా ఉండేవాళ్ళు కూడా రెండు మీటర్ల దగ్గర బంతి మాదిరి పైకి పోతారు. ఊపిరితోనే ఎత్తు సరిచేసుకోవడం ఈ ఒంపులోనే బాగా వస్తుంది.

అద్దెకు తీసుకునేటప్పుడు ఒకటి అడగండి. యూరప్‌లో చాలా రెగ్యులేటర్లు డిన్ పద్ధతివి, సిలిండర్‌లోకి మర తిప్పి బిగించేవి. మన దేశంలో ఎక్కువగా వాడేది బిగింపు కొక్కెం ఉన్న యోక్. సొంత రెగ్యులేటర్ తీసుకుపోతే అడాప్టర్ ఉందో లేదో ముందే కనుక్కోవాల. గట్టి అడుగున్న బూట్లు తప్పనిసరి. పూల్ కోసం కొన్న పలచటి సాక్సుతో గులకరాళ్ళ మీద 20 కిలోల సామానుతో నడవలేరు.

దిగడం ఇట్లా: ఒడ్డునే మొత్తం సామాను ఒకరిది ఒకరు చూసుకోవాల, ఇద్దరూ పీడనం చదవాల. మాస్క్ మొహానికి, రెగ్యులేటర్ నోట్లో, బీసీడీలో కొంచెం గాలి, పాదాలకు తొడిగే రెక్కల్లాంటి ఫిన్స్ చేతిలో. తడిసిన కాంక్రీటు మీద పచ్చ నాచు ఉంటే దాని మీద అడుగు వేయొద్దు. ఈడ జారిపడితే మణికట్టు విరగొచ్చు. నడుము లోతు వచ్చినాక జతగాడి భుజం పట్టుకుని ఫిన్స్ వేసుకుని, వెంటనే పడుకుని ఈదడం మొదలుపెట్టాల. ఫిన్స్‌తో ముందుకు నడిస్తే తట్టుకుని పడతారు. తిరిగి వచ్చేటప్పుడు చేతులు నేలకు ఆనేదాకా ఈది, ఆడనే ఫిన్స్ తీయాల.

నీళ్ళ మీద తేలుతూ మీరు యాడున్నారో చూపే బోయ్ లేకుండా మాల్టాలో డైవ్ చేయొద్దు, నిబంధన కూడా అదే. ఎండాకాలంలో ఒంపు నడుమ పడవలు తిరుగుతాయి. గోడ పక్కనే పోయి గోడ పక్కనే రావాల. నడుమ పైకి తేలొద్దు.

గాలి లెక్క సులువు. 12 లీటర్ల సిలిండర్, 200 బార్లు, అంటే 2400 లీటర్లు. 50 బార్లు ముట్టుకోకూడదు కాబట్టి వాడుకునేది 1800. ఒడ్డు మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చే కొత్తవాళ్ళు ఎనిమిది మీటర్ల దగ్గర 36 లీటర్లు వాడతారు, 50 నిమిషాలు వస్తుంది. నిమ్మళంగా 15 లీటర్లతో సరిపెట్టుకునేవాళ్ళకు గంట దాటుతుంది. ముందు లోతు వైపు పోయి, చివరి 20 నిమిషాలు మూడు మీటర్ల లోతులో గడిపితే లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్‌ను వదిలించుకోవడానికి ఆగే సమయం అందులోనే కలిసిపోతుంది. గొప్ప సంగతులు కొన్ని ఆ మూడు మీటర్లలోనే ఉన్నాయి.

అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఎలీసియా టిమిడా అనే చిప్ప లేని సముద్రపు నత్త. సెంటీమీటరు పొడవు, తెల్లని ఒళ్ళు, ఎర్రని చుక్కలు. ఎండ పడే రాళ్ళ మీద చిన్న తెల్ల గొడుగుల్లాంటి అసిటబులేరియా అనే నాచు గుంపులుగా పెరుగుతుంది. ఒక్కో గొడుగు కొన్ని సెంటీమీటర్ల పొడవున్నా అదంతా ఒకే కణం. 1930లలో యోహిమ్ హెమర్లింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీని మీద చేసిన ప్రయోగాల వల్లనే గొడుగు ఆకారాన్ని కేంద్రకం నిర్ణయిస్తుందని తేలింది. ఎలీసియా ఆ కణాన్ని పొడిచి లోపలి రసం తాగి, అందులోని పత్రహరితపు రేణువులను అరగించకుండా తన ఒంట్లో దాచుకుని ఎండలో వాటితో పని చేయించుకుంటుంది. వెతకాల్సింది నత్తను కాదు, గొడుగులను. గొడుగులు కనపడితే అడుగు దూరంలో ఆగి, ఒక్కో కాడ మొదలు దగ్గర చూడండి.

మిగతావాటికీ ఇదే సూత్రం. గోడ మీద గులాబీ గోధుమ కలిసిన పొద మాదిరి యూడెండ్రియం హైడ్రాయిడ్ ఉంటే క్రాటెనా పెరెగ్రీనా అనే న్యూడిబ్రాంక్, ఇది కూడా చిప్ప లేని నత్తే, ఉండొచ్చు: తెల్లని ఒళ్ళు, వీపు మీద ఊదా వేళ్ళు, తల మీద రెండు నారింజ మచ్చలు. నీళ్ళలో తేలే చిన్న జీవులైన ప్లవకాలను అప్పుడే మింగిన హైడ్రాయిడ్ పాలిప్‌లనే, అంటే నోరున్న చిన్న మొగ్గలనే, ఇది ఏరుకుని తింటుందని 2017లో ఒక పరిశోధన చూపింది. ఒక్క ముద్దలో రెండు భోజనాలు. ఊదా రంగు పెట్రోసియా స్పాంజి నీడలో పెరిగితే తెల్లబడుతుంది, దాని మీద తెల్లని ఒళ్ళు, గోధుమ మచ్చలున్న పెల్టోడోరిస్ అనే ఇంకో నత్త కోసం చూడాల. జంతువు కనపడకపోయినా రిబ్బను చుట్టినట్టు గుడ్లు కనపడితే తల్లి చుట్టుపక్కలే ఉంటుంది.

వసంతంలో గడ్డి కాడలకు నల్లద్రాక్ష గుత్తులు కట్టినట్టు ఉండేవి సిరా చిమ్మే కటిల్ ఫిష్ గుడ్లు. సిరా కలిపి పెడుతుంది కాబట్టి ఆ నలుపు. పువ్వు మాదిరి రాయికి అతుక్కుని ఉండే పచ్చ వేళ్ళ జంతువు ఎనిమోన్; దాని మొదలు దగ్గర అద్దం మాదిరి ఒళ్ళు కనపడని రొయ్య ఉంటుంది, చిన్న గోబీ చేప ఆ విషపు వేళ్ళ మధ్యనే తిరుగుతుంది. సముద్రపు గుర్రాలు గడ్డి అంచున తోకతో కాడ పట్టుకుని ఉంటాయి. వాటిని పట్టుకోవడం, తిప్పడం, కడ్డీతో కదపడం చేయొద్దు. తల అటు తిప్పుకుందంటే మీరు శానా దగ్గర ఉన్నారని అర్థం, ఒకటి రెండు ఫొటోలతో వెనక్కి రావాల. అంతర్జాతీయ వ్యాపారంలో వాటికి 2004 నుంచి రక్షణ అమల్లో ఉంది.

రాళ్ళు తిప్పి చూడొద్దు. కింది పక్కన బతికేవి వెలుతురు పడితే చేపలకు ఆహారమైపోతాయి. పొసిడోనియా అనే సముద్రపు గడ్డిని పట్టుకుని నిలబడొద్దు. అది నాచు కాదు, పూలు పూసే మొక్క, ఈడ పెరిగే రకం ఈ సముద్రంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దాని వేరుకాడ ఏడాదికి కొద్ది సెంటీమీటర్లే పాకుతుంది, లంగరు పీకిన చోట మళ్ళీ నిండడానికి దశాబ్దాలు పడుతుంది.

అడుగున ఒండ్రు ఉంది కాబట్టి కాళ్ళు పైకీ కిందికీ ఆడిస్తే మీ వెనక వచ్చేవాళ్ళకు ఏమీ కనపడదు, తిరిగి వచ్చేటప్పుడు మీకూ కనపడదు. బావిలో నేర్చిన కప్ప ఈత ఈడ అక్కరకు వస్తుంది: మోకాళ్ళు వంచి, పాదాలు పైకి పెట్టి, పక్కలకు మెల్లగా తోయాల. చేతులు ఆడించొద్దు. జతగాళ్ళు ఇద్దరూ రెండు మీటర్లు దాటి విడిపోవద్దు. చెరో పురుగును చూస్తూ తప్పిపోవడం ఈ రకం డైవ్‌లలో మామూలు.

పగలైనా టార్చి కావాల. అయిదు మీటర్లు దాటితే నీళ్ళు ఎరుపును మింగేస్తాయి, నారింజ మచ్చ కూడా వెలిసిపోయినట్టు కనపడుతుంది. నలభై దాటినవాళ్ళు మాస్క్ అద్దం కింది భాగంలో అంటించే చదువుకునే లెన్సులు వేయించుకోండి, అవి లేకుండా సెంటీమీటరు జంతువు మసకే. కెమెరాకు నీళ్ళు తగలకుండా పెట్టే పెట్టె, అంటే హౌసింగ్, మూసేముందు దాని అంచున ఉండే రబ్బరు ఓ-రింగ్ మీద వెంట్రుక, ఇసుక రేణువు ఉన్నాయేమో టార్చి వేసి చూడాల. గ్రీజు మెరుపు వచ్చేంత చాలు, ఎక్కువ రాస్తే అదే ఇసుకను పట్టుకుంటుంది.

ఇసుక మీద మోకాలు, చెయ్యి ఆనించొద్దు అనడానికి ఒండ్రు ఒక్కటే కారణం కాదు. స్టార్‌గేజర్ అనే చేప కళ్ళు, నోరు మాత్రం పైకి పెట్టి ఇసుక కప్పుకుని ఉంటుంది, వీవర్ చేప కూడా అంతే. రెండిటికీ ముళ్ళు ఉన్నాయి, వీవర్ ముళ్ళకు విషం ఉంది. గుచ్చుకుంటే 45 డిగ్రీలు మించని వేడి నీళ్ళలో 30 నుంచి 90 నిమిషాలు ఉంచాల. నొప్పితో మొద్దుబారిన పాదానికి వేడి తెలియదు కాబట్టి నీళ్ళ వేడిని వేరేవాళ్ళ చేత్తో చూపించాల. ఎర్రగా, తెల్ల కుచ్చులతో పాకే ఫైర్‌వర్మ్‌ను ముట్టుకుంటే ముళ్ళు చర్మంలో విరుగుతాయి. రుద్దకుండా అంటుకునే టేపుతో లాగాల. ఊదా జెల్లీఫిష్ పెలాజియా కుడితే మంచినీళ్ళు పోయొద్దు, వెనిగర్ కూడా వద్దు. సముద్రపు నీళ్ళతో కడిగి, వంటసోడాను అదే నీళ్ళలో ముద్దగా కలిపి పూయాల. ఊపిరి ఆడకపోయినా, డైవ్ తర్వాత కీళ్ళ నొప్పి, తిమ్మిరి వచ్చినా 112కు ఫోన్ చేయండి. మాల్టాలోని మాటర్ డే ఆసుపత్రిలో డైవర్ల కోసం పీడన గది ఉంది.

రెండు మూడు పగటి డైవ్‌లు అయినాక అదే ఒంపులో రాత్రి దిగండి. దారి తెలిసిన చోటే రాత్రి డైవ్ చేయాల. ఒక్కొక్కరికి రెండు టార్చిలు, ఒడ్డున ఒక దీపం వెలిగించి పెట్టడం, అంతే అదనం. పగలు గూట్లో ఉన్న ఆక్టోపస్‌లు వేటకు వస్తాయి, ఇసుకలోంచి బొటనవేలంత బాబ్‌టెయిల్ స్క్విడ్‌లు లేస్తాయి.

సామాను కడగడానికి పైపు వదిలిపెట్టొద్దు. మాల్టాలో నదులు లేవు, తాగే నీళ్ళలో పెద్ద భాగం సముద్రపు నీళ్ళనుంచే ఉప్పు తీసి తయారు చేసుకుంటారు. ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టిన ఊళ్ళ నుంచి పోయినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక టబ్బు నీళ్ళు చాలు. ముందు కెమెరా నానబెట్టి, తర్వాత రెగ్యులేటర్ మూత బిగించి కడిగి, చివర బూట్లు, సూట్. తిరిగి హైదరాబాద్ విమానం ఎక్కేముందు చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉంచాల. ఆ రోజు గోజోలో కావలి బురుజు దాకా నడిచి రావడానికి పెట్టుకోండి.